తిరుగుబాటు ఎవరిది?

ఆఫ్రికాలో ఏదైనా దేశంలో సైనికాధికారులు అధ్యక్షుణ్ణి ఇంట్లో నిర్బంధించి, రేడియో, టీవీ కేంద్రాలను పట్టుకున్నారంటే, మన పత్రికల్లో కనిపించే మాట దాదాపు ఒకటే: ‘సైనిక తిరుగుబాటు’. 2023 జూలైలో నైజర్‌లో అలాంటిది జరిగింది, ఆ మరుసటి నెలలోనే గాబన్‌లోనూ జరిగింది. ఈ మాట మనకు ఎంత అలవాటైపోయిందంటే, చదివి ముందుకు సాగిపోతాం. ఒక్కసారి ఆగి చూస్తే మాత్రం ‘తిరుగుబాటు’ అక్కడ ఉండదగిన మాటేనా అన్న అనుమానం రాకమానదు.

ముందు రూపం సంగతి. ఏర్పడు నుంచి ఏర్పాటు, అలవడు నుంచి అలవాటు, తడబడు నుంచి తడబాటు, వెనుకబడు నుంచి వెనుకబాటు వచ్చాయి. తిరుగుబాటు కూడా ఆ వరసలోదే. దాని క్రియారూపం మన వాడుకలో ‘తిరగబడు’. వ్యాకరణం ఇంతటితో సరి. అర్థం దగ్గరే ఆలోచించాల్సింది ఉంది. తిరగబడాలంటే అంతకుముందు ఒకడు వెనక నుంచి తోలుతూనో, తరుముతూనో ఉండాలి. వాడి వైపు తిరిగి ఎదురు నిలవడమే తిరగబడటం. కూలీలు కామందు మీద తిరగబడతారు. కోడలు అత్త మీద తిరగబడుతుంది. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా తిరగబడుతుందని సామెత. కామందు కూలీల మీద తిరగబడ్డాడని మాత్రం ఎవరూ అనరు. మీదపడ్డాడంటారు, విరుచుకుపడ్డాడంటారు. అంటే ఈ మాటకు ఒక దిశ ఉంది. అది కింది నుంచి పైకి వెళ్లే మాట.

మన చరిత్ర ఈ దిశను జాగ్రత్తగానే కాపాడుకుంటూ వచ్చింది. 1879లో రంప కొండల్లో కల్లు మీద వేసిన చిగురుపన్నుకూ, ఆ కొండలను ఏలే మున్సబుదారు దోపిడీకీ వ్యతిరేకంగా గిరిజనులు లేచినప్పుడు, మళ్లీ 1922–24లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచినప్పుడు, ఇంగ్లీషు ప్రభుత్వం కాగితాల్లో రాసుకున్న మాట ‘ఫితూరీ’. ఉర్దూ నుంచి వచ్చిన ఈ మాట తెలుగు నోట ‘పితూరీ’ అయింది. ఇప్పుడది చాడీలు చెప్పడం అనే అర్థానికి దిగిపోయింది. రంపనూ మన్యాన్నీ మాత్రం మనం తిరుగుబాట్లుగానే గుర్తుంచుకున్నాం. 1857లో తెల్లదొరలు ‘మ్యూటినీ’ అన్నది మన పాఠ్యపుస్తకాల్లో ‘సిపాయిల తిరుగుబాటు’ అయింది. సైనికుడూ తిరుగుబాటూ జతకట్టిన మాటల్లో మనకు బాగా ఎరుకైనది ఇదే. ఆ సందర్భానికి ఈ జత సరిగ్గా అతికింది. సిపాయి ఆజ్ఞ ఇచ్చేవాడు కాదు, ఆజ్ఞ మోసేవాడు. మోసినవాడు తిరిగాడు. తర్వాత వేరే దేశాల్లో సైన్యాధిపతులే గద్దె ఎక్కడం మొదలయ్యాక, ఆ పనికీ ఈ సిద్ధంగా ఉన్న జతనే వాడేశాం.

ఈ కలగాపులగం వల్ల ఏం పోతుందో తెలియాలంటే 1960 నాటి కాంగోను చూడాలి. రెండున్నర నెలల వ్యవధిలో అక్కడ రెండు వేర్వేరు సంగతులు జరిగాయి. తెలుగులో రెంటికీ ‘సైనిక తిరుగుబాటు’ అనే పేరు పెట్టగలం. నిజానికి అవి ఒకదానికొకటి ఎదురు దిశల్లో నడిచాయి.

బెల్జియం పాలన నుంచి కాంగో 1960 జూన్ 30న స్వతంత్రమైంది. అప్పటి సైన్యం పేరు ఫోర్స్ పబ్లిక్. అందులో దాదాపు 25 వేలమంది కాంగో సైనికులు. వారిమీద సుమారు వెయ్యిమంది అధికారులు. ఆ అధికారుల్లో ఒక్కడంటే ఒక్కడు కాంగో మనిషి లేడు. ఎన్నేళ్లు పనిచేసినా కాంగో సైనికుడు అధికారి మెట్టుకు కిందే ఉండే అడ్జుడాంట్ హోదా దగ్గర ఆగిపోవాల్సిందే. దేశానికి సొంత ప్రధాని వచ్చాడు, పార్లమెంటు వచ్చింది, జెండా వచ్చింది. సైన్యంలో మాత్రం ఎవరి కుర్చీ వారిదే. జూలై 5న రాజధాని లియోపోల్డ్‌విల్‌లో సేనాధిపతి ఎమీల్ జాన్సెన్స్ తన కింది సైనికులను సమావేశపరిచి, నల్లబల్ల మీద సుద్దముక్కతో ఒక సమీకరణం రాశాడు. స్వాతంత్ర్యానికి ముందు, సమానం గుర్తు, స్వాతంత్ర్యం తర్వాత. మీకు ఏదీ మారదని దాని భావం. ఆ రోజే రాజధానిలోనూ, థీస్‌విల్ శిబిరంలోనూ సైనికులు అధికారుల మాట ధిక్కరించారు. కొద్ది రోజుల్లో అది దేశమంతా పాకింది.

ఇది తిరుగుబాటు. తెలుగు మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఆ సైనికులు చేసిందంతా మెచ్చుకోదగినదని ఇందుకు అర్థం కాదు. యూరోపియన్ల మీద దాడులు చేశారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. తిరుగుబాటు అనే మాట ఎవరికీ మంచివాడని ముద్ర వేయదు. ఎవరు కింద ఉన్నారో, ఎవరు పైన ఉన్నారో చెబుతుంది, అంతే. ప్రధాని పట్రీస్ లుముంబా ప్రభుత్వం జాన్సెన్స్‌ను తొలగించింది, సైనికులందరికీ ఒక్కో మెట్టు పెంచింది. విక్టర్ లుండులాను సేనాధిపతిని చేసింది. ఒకప్పుడు ఫోర్స్ పబ్లిక్‌లో గుమస్తా పని చేసి, తర్వాత పాత్రికేయుడైన జోసెఫ్ మొబుటును కల్నల్‌గా, సైనిక ప్రధానాధికారిగా నియమించింది.

రెండో ఘట్టం ఈ మొబుటుది. సెప్టెంబర్ 5న అధ్యక్షుడు కసవుబు రేడియోలో మాట్లాడి లుముంబాను బర్తరఫ్ చేశాడు. లుముంబా కూడా రేడియోకే వెళ్లి కసవుబును తొలగించినట్టు ప్రకటించాడు. పార్లమెంటు ఈ బర్తరఫ్‌లను ఒప్పుకోలేదు. తగువు తీరేది ఏదైనా ఉంటే ఆ సభలోనే తీరాలి. సెప్టెంబర్ 14 రాత్రి ఇరవై తొమ్మిదేళ్ల మొబుటు రేడియోలో ప్రకటన చేసి, అధ్యక్షుణ్ణీ, లుముంబానూ, అతని స్థానంలో కసవుబు నియమించిన ప్రధానినీ, పార్లమెంటునూ సంవత్సరాంతం దాకా ‘తటస్థం’ చేస్తున్నానన్నాడు. ఇది సైన్యం గద్దె పట్టడం కాదు, ఉత్త శాంతియుత విప్లవమేనని కూడా చెప్పుకున్నాడు. అప్పటికి భారతీయ దౌత్యవేత్త రాజేశ్వర్ దయాళ్ ఐక్యరాజ్యసమితి ప్రతినిధిగా ఆ నగరంలో అడుగుపెట్టి కొద్ది రోజులే అయింది. మొబుటు నిలబెట్టిన కమిషనర్ల మండలిని చట్టబద్ధమైన ప్రభుత్వంగా చూడటానికి దయాళ్ ఒప్పుకోలేదు. అప్పట్లో అక్కడ అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ప్రతినిధిగా ఉన్న లారీ డెవ్లిన్, మొబుటు గద్దె పట్టబోతున్న సంగతి తనకు ముందే తెలుసనీ, మద్దతు ఇచ్చాననీ తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు.

ఇక్కడ ఎవరు ఎవరిమీద తిరగబడ్డారు? మొబుటును ఎవరూ తోలడం లేదు, తరమడం లేదు. సైన్యం అతని చేతిలో ఉంది. పెద్ద దేశపు అండ అతని వెనక ఉంది. ఎదురుగా ఉన్నది జనం ఓటేసి పంపిన సభ. ఆ సభకు తుపాకీ లేదు. లుముంబాను డిసెంబర్‌లో పట్టుకున్నారు. 1961 జనవరి 17న కటంగాలో చంపేశారు. ఈ పనిని జూలైలో జాన్సెన్స్ నల్లబల్ల ముందు నిలబడ్డ సైనికుల పనితో ఒకే మాటలో కట్టేస్తే, ఆ సైనికుల అవమానమూ కనిపించకుండా పోతుంది, సెప్టెంబర్‌లో పోయింది ఎవరి హక్కో కూడా కనిపించకుండా పోతుంది.

ఇతర భాషలు దీన్ని ఎలా పిలిచాయో చూద్దాం. ప్రపంచమంతా వాడే ‘కూ దేతా’ ఫ్రెంచి మాట. కూ అంటే దెబ్బ, ఏతా అంటే రాజ్యం. 1639లో ఫ్రెంచి రచయిత గాబ్రియెల్ నోదే ఈ మాట మీదే పుస్తకం రాశాడు. ఆ పుస్తకంలో దెబ్బ కొట్టేది పాలకుడే. రాజ్యక్షేమం పేరుతో, చట్టాన్ని పక్కనబెట్టి, ఎవరికీ చెప్పకుండా పాలకుడు చేసే పని అది. 1851లో లూయీ నెపోలియన్ ఫ్రాన్సు గణతంత్రాన్ని కూల్చినప్పుడు అతను దేశాధ్యక్షుడే. ఫ్రెంచి మాట పుట్టుకలోనే దెబ్బ పైనుంచి పడుతుందన్న ఎరుక ఉంది. హిందీ వాళ్ల ‘తఖ్తాపలట్’ బోర్లాపడ్డ గద్దెను చూపిస్తుంది. ఎవరు బోర్లా వేశారన్నది చెప్పదు. అరబ్బీలో సైన్యం చేసేది ‘ఇన్‌ఖిలాబ్’. మన ఊరేగింపుల్లో పిడికిలి బిగించి ‘జిందాబాద్’ కొట్టే మాట కైరోలో, ఖార్టూమ్‌లో సైన్యం గద్దె పట్టడానికి పేరు. విప్లవానికి వాళ్ల మాట వేరు, అది ‘సౌరా’. రెండు పనులకు రెండు మాటలు ఉంచుకోవాలన్న జాగ్రత్త వాళ్లు పాటించారు.

గద్దె పట్టినవాళ్లకు మాట విలువ మనకంటే బాగా తెలుసు. మొబుటు ‘విప్లవం’ అన్నాడు. 1966లో అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమాను దించిన ఘనా అధికారులు తమది ‘జాతీయ విమోచన మండలి’ అన్నారు. 1980లో లైబీరియా సైనికులు ‘ప్రజా విముక్తి మండలి’ అన్నారు. 2023లో నైజర్ సేనానులు ‘మాతృభూమి పరిరక్షణ మండలి’ పెట్టారు. ఈ పేర్లన్నీ కింది నుంచి లేచినవాళ్ల పేర్లు. మనం తిరుగుబాటు అని రాసిన ప్రతిసారీ వారికి కావలసిన ఆ గౌరవాన్నే ఉత్తపుణ్యానికి ఇస్తున్నాం.

ఒక అభ్యంతరం న్యాయమైనదే. దించిన పాలకుడు నియంత కావచ్చు. జనం వీధుల్లోకి వచ్చి సంబరం చేసుకోవచ్చు, ఘనాలో చేసుకున్నారు కూడా. లైబీరియాలో 1980లో గద్దె పట్టిన శామ్యూల్ డో ఒక మాస్టర్ సార్జెంటు, సేనాని కాదు. ఇలాంటి చోట తిరుగుబాటు అనకూడదా? తుపాకీ ఎత్తిన క్షణం వరకు అనవచ్చు. ఆ మనిషి ఖాళీ అయిన కుర్చీలో తానే కూర్చున్న క్షణం నుంచి ఆ మాట చెల్లదు. డో పదేళ్లు కూర్చున్నాడు.

మరి తెలుగులో ఏమనాలి? ‘కుట్ర’ అనేవారున్నారు. కుట్ర చాటున పన్నేది, బయటపడితే చెడిపోయేది. నెరవేరి, రేడియోలో ప్రకటించి, దర్జాగా కూర్చున్నదాన్ని కుట్ర అనడం చాలదు. పైగా ‘కుట్ర కేసు’ అన్నది మన దగ్గర సర్కారు తన విరోధుల మీద పెట్టే కేసు పేరు. ‘హస్తగతం’ మర్యాదైన మాట. విజయం వరించినట్టు ధ్వనిస్తుంది.

నాకు తోచిన మాట ‘కబ్జా’. పట్టుకోవడమనే అర్థమున్న అరబ్బీ మాట ఇది. ఉర్దూ మీదుగా మన రెవెన్యూ కచేరీలకు వచ్చింది. తెలంగాణ పహాణీల్లో పట్టాదారు ఒక గడిలో ఉంటే, భూమి ఎవరి చేతిలో ఉందో చెప్పే గడి వేరుగా ఉండేది. అక్కడ కబ్జా అంటే స్వాధీనం మాత్రమే, దోషం లేదు. వాడుకలో అది పక్కవాడి జాగాను బలంతో ఆక్రమించడంగా మారింది. ఈ రెండు అర్థాలూ ఇక్కడ పనికొస్తాయి. పట్టా జనం పేరున ఉంది, కబ్జా తుపాకీది. పన్నెండేళ్లు అడ్డులేకుండా అనుభవిస్తే ప్రైవేటు భూమి మీద హక్కు అడగవచ్చని మన చట్టం చెబుతుంది. 1965 నవంబర్‌లో రెండోసారి గద్దె పట్టిన మొబుటు 1997 మే దాకా అనుభవించాడు. దేశం పేరును జైర్‌గా మార్చాడు. అన్నేళ్ల అనుభవంతోనూ పట్టా అతని పేరున మారలేదు.

వార్తలు రాసేవారికీ, పాఠాలు రాసేవారికీ నా విన్నపం ఇదే. సైనికులు జీతం కోసం, అవమానం తట్టుకోలేక, తమ అధికారుల మీదికి లేస్తే ‘సైనిక తిరుగుబాటు’ అనండి. సైన్యం దేశాన్ని తన గుప్పిట్లోకి తీసుకుంటే ‘సైనిక కబ్జా’ అనండి. ఆ మాట మోటుగా ఉందనిపిస్తే ‘సైన్యం అధికారాన్ని లాక్కుంది’ అని తిన్నగా రాయండి. తిరుగుబాటును తిరగబడ్డవాళ్లకే ఉంచండి.