జొన్నరొట్టె, కాలేయం, కందిపప్పు

సోలాపూర్ నేత పేటల్లో, తెలంగాణ నుంచి తరాల కిందట వలస వెళ్లి స్థిరపడిన పద్మశాలీల పళ్లెంలో, జొన్నరొట్టెది పాత చోటు. ముద్దను అరచేత్తో తట్టి పెనం మీద వేస్తారు. పైన తడిచేత్తో నీళ్లు పూసి, తిప్పి కాల్చి, మంట మీద పొంగించి తీస్తారు. పక్కన పల్లీల కారం. ఈ తిండిలో మాంసకృత్తులకు (ప్రొటీన్లకు) మరీ కరువేం లేదు, వంద గ్రాముల జొన్నల్లో దాదాపు 10 గ్రాములుంటాయి. అయితే ఎన్ని గ్రాములు తిన్నామన్న లెక్కతో కాలేయం ఎంత ప్రొటీన్ తయారుచేస్తుందో తేలదు. ఏ అమైనో ఆమ్లం ఏ పాళ్లలో, ఎంత శక్తితో కలిసి అందిందన్నదే అసలు సంగతి. వందేళ్ల పరిశోధన నన్ను ఒప్పించింది ఈ మాటకే.

1914లో అమెరికాలో ఆస్బర్న్, మెండెల్ ఎలుకలకు మొక్కజొన్నలోని జెయిన్ ఒక్కటే మాంసకృత్తుగా పెట్టారు. అవి చిక్కిపోయాయి. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కలిపితే బరువు నిలిచింది, లైసిన్ కూడా కలిపాకే పెరిగాయి. 1935 నాటికి విలియం రోజ్ థ్రియోనిన్‌నూ గుర్తించడంతో శరీరం తయారుచేసుకోలేని, తిండి ద్వారానే అందాల్సిన ఆవశ్యక అమైనో ఆమ్లాల జాబితాకు ఒక రూపు వచ్చింది. దీన్ని కాలేయం దగ్గర పెట్టి చూడాలి. పెద్దవాళ్ల కాలేయం రోజుకు 10 నుంచి 15 గ్రాముల అల్బుమిన్ అనే ప్రొటీన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఒక్కో అల్బుమిన్ అణువు 585 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో లైసిన్లు 59, ట్రిప్టోఫాన్ ఒకే ఒక్కటి. జొన్న మాంసకృత్తిలో లైసిన్ నూటికి సుమారు రెండు పాళ్లే. పోగు తెగితే మగ్గం ఆగినట్టు, లైసిన్ కొరవడిన చోట ఆ అల్లిక మందగిస్తుంది. శరీరం కొంత సర్దుకుంటుంది నిజమే, కానీ ఆ సర్దుబాటుకు హద్దుంది.

ముడిసరుకు లెక్కతోనే కథ ముగిసిపోలేదు. ఎలుకల కాలేయంలో ట్రిప్టోఫాన్ అందనప్పుడు ప్రొటీన్ అల్లే రైబోజోమ్ గుంపులు చెదిరిపోతాయని, అది అందగానే మళ్లీ కూడుకుంటాయని 1960ల్లో హామిష్ మన్రో వంటివారి ప్రయోగాల్లో తేలింది. అల్బుమిన్‌లో ఒక్కటంటే ఒక్కటే ఉన్న అమైనో ఆమ్లానికి ఇంత పట్టు ఉండడం ఆశ్చర్యమే. 2016లో సెస్ట్రిన్-2 అనే ప్రొటీన్ ల్యూసిన్‌ను పసిగడుతుందని, కణంలో ప్రొటీన్ తయారీని నడిపించే ఎంటార్ వ్యవస్థకు ఆ సమాచారం అలా చేరుతుందని తెలిసింది. అమైనో ఆమ్లం నూలే కాదు, నెయ్యమని వచ్చే కబురు కూడా.

అలాగైతే జొన్నలో ల్యూసిన్ దండిగా ఉంది కదా, కాలేయం జోరుగా పనిచేయాలి కదా అని అడగవచ్చు. కబురు వచ్చినా నూలు రాకపోతే బట్ట దిగదు. పైగా ఆ ల్యూసిన్ మీదే హైదరాబాద్‌లో అనుమానం పుట్టింది. తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా మారిన పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకాంతియా జొన్న తినేవాళ్లలో, నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బుకు అధిక ల్యూసిన్ కారణమై ఉండవచ్చని 1960లో లాన్సెట్‌లో రాశారు. ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే దారికి అది అడ్డుపడుతుందని వాళ్ల ఊహ. ఆ ఫలితాలు అన్ని ప్రయోగశాలల్లోనూ రాలేదు కనుక దాన్ని సంపూర్ణ వివరణ అనలేం. అయినా అమైనో ఆమ్లాల పొత్తును, పోటీని మన తిండిలోనే వెతికిన ఆ ప్రయత్నం విలువ తక్కువది కాదు.

అమైనో ఆమ్లాల పాళ్ల మీద పెట్టే ఈ పట్టుకు అన్నిటికన్నా గట్టి అభ్యంతరం గోపాలన్ నుంచే వచ్చింది. క్వాషియోర్కర్, మరాస్మస్ అనే తీవ్ర పోషకాహార లోప జబ్బులు వచ్చిన పిల్లల తిండిలో పెద్ద తేడా కనిపించలేదనీ, అసలు కొరత తిండి మొత్తానిదేననీ 1968లో ఆయన వాదించాడు. అమైనో ఆమ్లాలతో పాటు శక్తీ అందాలన్న నా వాదనకు ఇది బలమే. ఒంటికి శక్తి చాలనప్పుడు అమైనో ఆమ్లాలే ఇంధనమై, వాటి నైట్రోజన్ యూరియాగా బయటికి పోతుంది. రక్తంలో అల్బుమిన్ తగ్గడానికి తిండే కారణమని తీర్పు చెప్పడమూ తొందరపాటే. క్షయ వంటి జబ్బుల్లో కాలేయం అల్బుమిన్ తగ్గించి, సి-రియాక్టివ్ ప్రొటీన్ వంటివాటి తయారీ పెంచుతుంది.

కాబట్టి తప్పు జొన్నది కాదు. మగ్గం దగ్గర నిలబడే మనిషికి ముందు కడుపు నిండా రొట్టె కావాలి. పల్లీల కారం మాంసకృత్తిని పెంచుతుంది గానీ పల్లీలోనూ లైసిన్ తక్కువే. కందిపప్పు మాంసకృత్తిలో లైసిన్ నూటికి ఆరేడు పాళ్లుంటుంది. అది రొట్టెతో ఒకే ముద్దలో కలవనక్కర్లేదు, అదే రోజు తిండిలోకి వస్తే చాలు.