చక్రమును నిలుపు విద్య

కృష్ణాడెల్టాలో తరతరములుగా ఎడ్లబండి తోలిన రైతు కాడికి, నొగకు, ఇరుసునకు, ఆకులకు, కడచీలకు వేర్వేరు పేర్లు పెట్టుకొనెను గాని, బండిని నిలుపుటకై వేరొక యంత్రము కావలెనని తలపోయలేదు. చదునైన ఆ నేలలో పగ్గము బిగించి ఎద్దును అదలించినంతనే చక్రము ఆగుచుండెను. నేడు అదే నేలపై తిరుగు ప్రతి కారు చక్రములోను ఒక నిలుపు సాధనము దాగియున్నది. దానికి మనము తెలుగు పేరు పెట్టుకొనలేదు. బ్రేకు అని వచ్చిన పేరుతోనే అది మన యింటి మాటయైనది. పేరు పరాయిదైనను ఆ విద్యను మన మేస్త్రీలు ఎట్లు తమదిగా చేసికొనిరో, విజయవాడ దానికి ఎట్లు ఆటపట్టయ్యెనో తెలిసికొనదగిన చరిత్రము.

ఈ సీమకు తొలి రాజమార్గము నీరు. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట వెనుక నిలిచిన కృష్ణాజలము బందరు కాలువగా, ఏలూరు కాలువగా, రైవిస్ కాలువగా, పడమటి గట్టున కొమ్మమూరు కాలువగా చీలి పొలములను తడుపుటయే కాక పడవలను సైతము మోసెను. ధాన్యపు బస్తాలతో బయలుదేరిన పడవ ఏలూరు మీదుగా గోదావరీ మండలమునకును, కొమ్మమూరు కాలువను పట్టి బకింగ్‌హామ్ కాలువలో బడి మదరాసునకును పోగలుగుచుండెను. 1889లో నైజాము రైలుమార్గము బెజవాడను చేరుటయు, 1893లో కృష్ణపై రైలు వంతెన పూర్తియగుటయు ఈ పట్టణమును గొప్ప కూడలిగా మార్చినవి. రహదారికి అట్టి భాగ్యము లభించుటకు మఱి అరువది యేండ్లకు పైగా పట్టెను. 1952లో పాత ఆనకట్టకు గండి పడిన పిమ్మట దానికి బదులుగా నిర్మింపబడి, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు ధరించిన బ్యారేజి 1957లో పూర్తియై, నీటిని నిలుపుటతోపాటు తన వీపుపై రహదారిని కూడ మోయసాగినది. మదరాసునుండి కలకత్తా దిక్కునకు పోవు బాటయు, హైదరాబాదునుండి బందరునకు దిగు బాటయు ఇచట కలిసికొనుటచేత, పడవలపై సాగిన సరకు క్రమముగా లారీల కెక్కినది.

లారీ ఆగినచోట మేస్త్రీ యుండవలెను. బందరు రోడ్డు వెంబడి, ఏలూరు రోడ్డు వెంబడి రేకుల షెడ్లలోను చెట్ల నీడలలోను సాగిన మరమ్మతు పనులు ఊరి నడుమ ఇముడజాలనంతగా పెరుగగా, 1966 ప్రాంతమున నగరమునకు తూర్పుగా, పటమటకు ఆవల, జవహర్ ఆటోనగర్ వెలసినది. బాడీలు కట్టు వడ్రంగులు, స్ప్రింగు పట్టీలను కాల్చి వంచు కమ్మరులు, రేడియేటరు అతుకువారు, లేతు పట్టువారు, బ్యాటరీల వారు, రంగు వేయువారు ఎవరి విద్యను వారు నెలకొల్పుకొని, ఒకరికి చేతకాని పని పక్క షెడ్డువానికి పంపుకొనుచు ఒక మహావిద్యాశాల వంటి దానిని కట్టిరి. పదేండ్ల వయసులో పానాలు అందించుటకు చేరిన కుర్రవాడు మేస్త్రీ చేతివాటము చూచి నేర్చి, తానే మేస్త్రీయై మఱొక కుర్రవానిని చేరదీయుట అచటి గురుకుల సంప్రదాయము. ఆ బాల్యమునకు బడి దక్కకపోవుట మన సంఘపు లోపమే గాని ఆ విద్య లోపము కాదు. గుంటూరు, విశాఖపట్టణము మొదలగు చోట్లను ఆటోనగర్ అను పేరే వాడుకలోనికి వచ్చుటచేత, అది ఒక పేట పేరుగా నిలువక వృత్తి పేరైనది.

ఆ వృత్తిలోని పనులన్నింటిలో ప్రాణముతో ముడిపడినది బ్రేకు పని. దాని పుట్టుక మన చదునునేలలకు దూరమైన కొండసీమలలో జరిగినది. ఇంగ్లండులోని డెర్బీషైరు కొండదారులలో బండ్లవారు దిగుడులందు చక్రమునకు పాత చెప్పుల తోలు ఒత్తుచుండగా చూచి హెర్బర్ట్ ఫ్రూడ్ అనునతడు 1897లో బ్రేకు దిమ్మెల తయారీకి పూనుకొనెననియు, తరువాత 1908లో రాతినారను వాడెననియు చెప్పుదురు. ఆ రాతినారయే ఆస్బెస్టాస్. ఫ్రాన్సుదేశమున లూయీ రెనో 1902లో డ్రమ్ము బ్రేకును రూపొందించెను. పాదము నొక్కిన బలమును కడ్డీలకు బదులు నూనె ద్వారా నాలుగు చక్రములకును సమముగా పంచు పద్ధతిని అమెరికాలో మాల్కమ్ లాకీడ్ కనిపెట్టగా, 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు దానిని నాలుగు చక్రములకును ధరించి వెలువడెను. మన దేశమున మదరాసు చెంత పాడిలో 1962లో బ్రేక్స్ ఇండియా సంస్థయు, 1974లో సుందరం బ్రేక్ లైనింగ్స్ సంస్థయు స్థాపితములైన పిమ్మట, ఈ సామాను మనకు పొరుగూరి సరకైనది.

డ్రమ్ము బ్రేకులోని నేర్పు మెచ్చదగినది. చక్రముతోపాటు తిరుగు పోత యినుప గిన్నె డ్రమ్ము. దానిలోపల తిరుగక నిలిచియుండు రెండు అర్ధచంద్రాకారపు ముక్కలు షూలు. వాని వెలుపలి యంచున అంటించిన రాపిడి పట్టీ లైనరు. పాదముతో నొక్కినప్పుడు వీలు సిలిండరులోని పిస్టన్లు షూలను బయటికి నెట్టగా లైనరు డ్రమ్మును ఒరయును. అప్పుడు తిరుగుచున్న డ్రమ్మే ముందరి షూను తన వైపునకు మఱింత ఈడ్చుకొనును. అనగా ఏ వేగమును ఆపవలెనో ఆ వేగమే ఆపుటకు తోడ్పడును. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు వచ్చిన తరువాత కూడ వెనుక చక్రములకు డ్రమ్ములే అనేక కార్లలో నిలిచియుండుటకు కారణము ఇదియే కాదు. చేతిబ్రేకు దానికి సులువుగా అమరును, ఖర్చు తక్కువ, బండి ఆగునపుడు బరువు ముందుకు ఒరుగుటచే వెనుక చక్రములపై పడు పనియు తక్కువ.

1957 తరువాత ఉత్తరపాడ కర్మాగారమునుండి వచ్చిన అంబాసిడరు, దాని వెంబడి ఫియట్ మన డెల్టా గ్రామములలో మోతుబరి రైతుల వాకిళ్లకును, వైద్యుల, వకీళ్ల యిండ్లకును చేరినవి. మేస్త్రీ పట్టణములో, కారు పల్లెలో ఉండుటచేత ఇంటనే బ్రేకు షూలు మార్చుకొను అలవాటు కొన్ని కుటుంబములలో ఏర్పడెను. దానికి మేస్త్రీలు చెప్పు నియమములు నేటికిని పాటింపదగినవి. ముందు చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, చేతిబ్రేకు వదలి, వెనుక ఇరుసును జాకీతో లేపి, దాని క్రింద గట్టి దుంగను గాని స్టాండును గాని నిలిపిన తరువాతనే చేయి లోపల పెట్టవలెను. జాకీ ఒక్కదానిని నమ్మినవాడు తన ప్రాణమును నూనె చుక్కకు తాకట్టు పెట్టినవాడు. అడ్జస్టరును వదులుచేసి, చెక్కదిమ్మెను అడ్డముంచి, డ్రమ్మును చుట్టును సమముగా తట్టిన యెడల అది తానై వెలువడును. ఇక మూలసూత్రము: రెండు ప్రక్కలను ఒకేసారి విప్పరాదు. ఒక ప్రక్క పని ముగియువఱకు రెండవ ప్రక్క సాక్షిగా నిలువవలెను. ఏ స్ప్రింగు ఏ రంధ్రమున తగులుకొనునో సందేహము కలిగినప్పుడు ఆ సాక్షి చెప్పును. షూలను మాత్రము రెండు చక్రములకును జతగా మార్చవలెను. ఒక వైపు కొత్తది, మఱియొక వైపు అరిగినదియైన బండి బ్రేకు వేయగానే పక్కకు లాగును.

సిలిండరు రబ్బరు చెంత నూనె చెమ్మ కనిపించినచో దానిని తుడిచి ఊరకొనరాదు, మార్చవలెను; నూనె పీల్చిన లైనరు పట్టు కోల్పోవును. డ్రమ్ములో గట్లు పడినచో లేతు పట్టించవలెను. ఇంటిల్లిపాదియు పాల్గొను ఘట్టము బ్రేకు నూనెలో చేరిన గాలి తీయుట. లోపలి కుర్రవాడు పెడలుపై కాలుంచగా, క్రింద కూర్చున్న పెద్ద "నొక్కు," "పట్టి ఉంచు" అనుచు మర తిప్పి, సీసాలో బుడగలు రాగానే బిగించి "ఇక వదులు" అనును. మాట తప్పి ముందుగా కాలు తీసినచో గాలి మరల లోనికి చొరబడును; కావున ఆ పనిలో పిల్లలు బ్రేకును మాత్రమే కాదు, మాట వినుటను కూడ నేర్చుకొందురు. మన సముద్రతీరపు గాలిలో తేమ అధికము, బ్రేకు నూనె ఆ తేమను పీల్చుకొనును. అందుచేత మూత తెరచియుంచిన డబ్బాలోని నూనెను వాడరాదు. వానకాలమున కాలువగట్టున నీటిలో దిగి వచ్చిన బండికి తడిసిన డ్రమ్ములు పట్టవు. మెల్లగా పోవుచు పెడలును తేలికగా నొక్కి వానిని ఆరబెట్టుకొనవలెను.

ఈ చరిత్రలో మనము సిగ్గుపడవలసిన పుట యొకటి కలదు. అరిగిన లైనరు పొడిని నోటితో ఊదుట, గాలిగొట్టముతో ఎగురగొట్టుట షెడ్లలో మామూలై, ఆ పొడిలోని ఆస్బెస్టాస్ నూగు ఊపిరితిత్తులలో చేరి ఏండ్లకు గాని బయటపడని రోగమునకు కారణమగునని చెప్పువారు లేక, ఎందరో పనివారు దానిని పీల్చిరి. ఆస్బెస్టాస్ పనివారి ఆరోగ్యము జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పెను. నేటి లైనర్లలో పెక్కింటిలో ఆ పదార్థము లేకపోయినను, పాత షూలను విప్పునప్పుడు ఏది యున్నదో కంటికి తెలియదు. పొడిని ఊదక, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయుట చదువుకొన్నవారును, చదువుకొననివారును తప్పక పాటింపవలసిన నియమము.

అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. దానితో పల్లెవాకిలిలో మూడు తరములు కలిసి చేసిన ఆ పనియు తగ్గుముఖము పట్టినది గాని, వెనుక చక్రములలో డ్రమ్ములతో నేటికిని లక్షలాది కార్లు మన దారులపై తిరుగుచున్నవి. వానిని మీరు స్వయముగా విప్పినను, ఆటోనగర్ మేస్త్రీకి అప్పగించినను, నా మనవి యొకటే: ఏడాదికొకసారియైనను డ్రమ్ము విప్పించి లైనరు మందము చూడుడు, చూచిన మేస్త్రీకి తగిన కూలి యిండు, పొడి ఊదబోవు కుర్రవాని చేతికి తడిగుడ్డ నందింపుడు.