ఎం. ప్రభాకర రెడ్డి

మందాడి ప్రభాకర రెడ్డి (అక్టోబర్ 8, 1935 - నవంబర్ 26, 1997) తెలుగు సినిమా నటుడు, కథా రచయిత మరియు నిర్మాత. వృత్తిరీత్యా వైద్య పట్టభద్రుడైన ఈయన నాలుగు వందలకు పైగా చిత్రాలలో నటించాడు, ఇరవైకి పైగా చిత్రాలకు కథలను అందించాడు.

బాల్యము, విద్య

ప్రభాకర రెడ్డి తుంగతుర్తిలో జన్మించాడు. అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న ఈ ఊరు, 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనలో మునగాల, కోదాడలతో పాటు సూర్యాపేట జిల్లాలో చేరింది. ఈయన హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. పూర్తి చేశాడు.

నటుడిగా

గుత్తా రామినీడు దర్శకత్వం వహించిన చివరకు మిగిలేది (1960) ఈయన తొలి చిత్రం. సావిత్రి నర్సుగా నటించిన ఈ చిత్రకథ మానసిక చికిత్సాలయంలో జరుగుతుంది. వైద్యం చదివిన యువకుడు తెరపైకి అడుగుపెట్టినది కూడా ఆసుపత్రి కథతోనే కావడం విశేషం. తరువాత ప్రతినాయకుడిగా, గుణచిత్ర నటుడిగా స్థిరపడ్డాడు. యువతరం కదిలింది (1980), పల్లె పిలిచింది (1981) చిత్రాలలోని నటనకు ఉత్తమ నటుడిగా నంది పురస్కారాలు పొందాడు.

రచయితగా, నిర్మాతగా

ఈయన కథలలో కుటుంబ బంధాలకు, సామాజిక సమస్యలకు ప్రాధాన్యం ఉంటుంది. పచ్చని సంసారం, గాంధీ పుట్టిన దేశం, గృహప్రవేశం ఈయన కథలతో వచ్చినవే. లక్ష్మీదీపక్ దర్శకత్వంలో వచ్చిన పండంటి కాపురం (1972) జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. దీనిని ఆదుర్తి సుబ్బారావు సునెహరా సంసార్ (1975) పేరుతో హిందీలో తీశాడు. కార్తీక దీపం (1979) కూడా మాంగ్ భరో సజనాగా హిందీలోకి వెళ్ళింది. తెలుగు కథకు భాషా సరిహద్దులు దాటగల బలమున్నదని ఈ చిత్రాలు నిరూపించాయి. రాజమండ్రికి చెందిన లలితారాణిని భూమికోసం (1974) ద్వారా జయప్రద పేరుతో వెండితెరకు పరిచయం చేసినది కూడా ఈయనే.

సినీ కార్మికుల సేవ

తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చినపుడు వేలాది కార్మికులకు, చిన్న కళాకారులకు నివాసం పెద్ద సమస్య అయ్యింది. తారలు, నిర్మాతలు భవనాలు కట్టుకోగలిగినా, రోజు కూలిపై ఆధారపడిన లైటుమెన్లకు, జూనియర్ కళాకారులకు అద్దె ఇల్లే భారమయ్యేది. వీరికి మణికొండ ప్రాంతంలో సొంత ఇళ్ళు కల్పించడానికి ప్రభాకర రెడ్డి విశేష కృషి చేశాడు. అక్కడ వెలసిన చిత్రపురి కాలనీకి డాక్టర్ ఎం. ప్రభాకర రెడ్డి పేరే పెట్టారు.

మరణం

ప్రభాకర రెడ్డి 1997, నవంబర్ 26న మరణించాడు. చిత్రపురి కాలనీలోని కార్మిక కుటుంబాలు ఆయన పేరును నేటికీ తమ చిరునామాలో రాసుకుంటున్నాయి.