చిట్టా నుంచి ఆవర్జాకు

1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా వరి పెరిగింది. వరి వెంట మిల్లులొచ్చాయి, మిల్లుల వెంట లెక్కలొచ్చాయి. బస్తాలు దిగుతున్నప్పుడు ఎవరివి, ఎన్ని, తూకమెంత అన్నది గుర్తుపెట్టుకుంటే నిలవదు. జరిగింది జరిగినట్టు గబగబా రాసుకునే పుస్తకాన్ని మన వర్తకులు తరతరాలుగా చిట్టా అన్నారు. సాయంత్రం తీరిగ్గా కూర్చుని అదే లెక్కను ఒక్కొక్కరి పేరు మీద విడదీసి ఎక్కించే పుస్తకం ఆవర్జా. చిట్టా రోజు వరసలో నడుస్తుంది, ఆవర్జా మనిషి పేరున నడుస్తుంది.

రాసుకునే కళంతా ఈ రెండు మెట్లలోనే ఉంది.

కాగితం రాకముందు తాటాకుల కాలంలో ముందు చిత్తుగా రాసుకుని తర్వాత ఎక్కించుకునే వెసులుబాటు తక్కువ. గంటంతో గీసింది చెరగదు. గీతల్లో మసి రుద్దితేనే అక్షరం కనబడుతుంది. ఈనె వెంబడి అడ్డంగా గట్టిగా గీస్తే ఆకు చీలుతుంది. మన అక్షరాలు గుండ్రంగా తిరగడానికి అదొక కారణమని చాలామంది పండితుల మాట. తాడు దూర్చే రంధ్రం చుట్టూ మాత్రం రాయకుండా చోటు వదిలేవారు. ఇక సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్లలోని కాకతీయుల నాటి శాసనాలు రాతిపని. అన్నీ తేలాక చెక్కించిన మాటలవి.

చవగ్గా కాగితం దొరికాకే మనిషికి చిత్తుప్రతి రాసుకునే స్వేచ్ఛ వచ్చింది. 1494లో లూకా పాచోలీ వెనిస్‌లో అచ్చువేయించిన గణిత గ్రంథంలో అక్కడి వర్తకుల పద్ధతి వివరించాడు. ముందు చిత్తు పుస్తకం, తర్వాత దినవహి, చివరికి పద్దుల పుస్తకం. సముద్రాల అవతల కూడా దారి అదే.

1950లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ విద్యార్థుల కోసం ఈ రెండు మెట్లను ఒకే పేజీలోకి తెచ్చాడు. ఎడమవైపు ఒక నిలువు గీత, అడుగున ఒక అడ్డగీత. క్లాసు జరుగుతుండగా కుడివైపు పెద్ద గడిలోనే రాయాలి. తర్వాత చదువుకుంటూ ఎడమ గడిలో ప్రశ్నలు, ముఖ్యమైన మాటలు వేసుకోవాలి. కుడివైపు మూసి, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. అడుగున రెండు వాక్యాల్లో సారం రాయాలి. కుడి గడి చిట్టా, ఎడమ గడి ఆవర్జా. 1970లలో టోనీ బుజాన్ ప్రచారం చేసిన మైండ్ మ్యాప్‌లో గడుల బదులు కొమ్మలుంటాయి. పేజీ నడుమ విషయం రాసి, దాని నుంచి కొమ్మలు సాగదీస్తారు. ఏ మాట ఏ కొమ్మకు చెందుతుందో తేల్చుకోవడమే అక్కడి పద్దు.

ఇవాళ మన ఊళ్లలో పిల్లలు రంగు పెన్నులతో ముత్యాల్లాంటి అక్షరాలతో నోట్సు నింపుతున్నారు. అంత చక్కని రాత చూస్తే ముచ్చటేస్తుంది, కానీ అది చాలాసార్లు చిట్టా దగ్గరే ఆగిపోతుంది. విన్నదాన్ని మళ్లీ తెరిచి, విడదీసి, తన మాటల్లో ఎక్కించుకున్నప్పుడే అది తనదవుతుంది. ఆ పని నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఇంట్లో మిల్లు గుమస్తాగా చేసిన తాత ఉంటే, సాయంత్రం ఆవర్జా ఎలా ఎక్కించేవారో ఆయన్నడిగితే చాలు.