అంగన్‌వాడీలో దివ్యాంగ బాలలు

వైకల్యం లేదా ఎదుగుదలలో ఆలస్యం ఉన్న ఆరేళ్లలోపు పిల్లలను తోటి పిల్లలతో కలిపి చూసుకోవడం, వారికి కావలసిన ఆహారం, ఆటపాటలు, వైద్య సహాయం ఆ చోటు నుంచే అందేలా చేయడం సమ్మిళిత శిశు సంరక్షణ. భారతదేశంలో ఈ పనికి ప్రధాన వేదిక అంగన్‌వాడీ కేంద్రం. 2011 జనగణన ప్రకారం దేశంలో ఆరేళ్లలోపు దివ్యాంగ బాలలు 20.42 లక్షల మంది. ఆ వయసు పిల్లల్లో వీరు 1.24 శాతం. వినికిడి లోపం, ఆటిజం, మేధో వైకల్యం వంటివి తొలి ఏళ్లలో ఇంటివారి దృష్టికి కూడా రాకపోవచ్చు కాబట్టి, అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉంటుందనుకోవాలి.

నేపథ్యం

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. అదనపు పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి సిఫారసు, తల్లులకు పోషణ, ఆరోగ్యాలపై అవగాహన అనే ఆరు సేవలు ఇందులో ఉన్నాయి. ఈ సేవలందించే అంగన్‌వాడీ కేంద్రాలు ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 ఉన్నాయి. పల్లెలో ఆరేళ్లలోపు పిల్లలందరి పేర్లూ ఉండే రిజిస్టరు అంగన్‌వాడీ టీచరు దగ్గరే ఉంటుంది. బిడ్డ బరువు నెలనెలా చూసేదీ, ఇంటి గడప తొక్కి తల్లితో మాట్లాడేదీ ఆవిడే. వైకల్యాన్ని తొలి దశలోనే పసిగట్టడానికి ఇంతకంటే అనువైన వ్యవస్థ పల్లెలో మరొకటి లేదు. అయినా ఆకలిని, పోషకాహార లోపాన్ని ఎదుర్కోవడమే మొదటి నుంచీ ఈ పథకానికి ప్రధాన లక్ష్యం కావడంతో, దివ్యాంగ బాలల సంగతి చాలాకాలం వెనకబడింది.

చట్టాలు, విధానాలు

బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992లో ఆమోదించింది. దాని 23వ అధికరణం వైకల్యం ఉన్న పిల్లల ప్రత్యేక సంరక్షణ గురించి చెబుతుంది. దివ్యాంగుల హక్కుల ఒడంబడికకు భారతదేశం 2007లో ఆమోదం తెలిపింది. దానికి అనుగుణంగా వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం–2016 మరుసటి ఏడాది ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాల జాబితాను ఇది 21కి పెంచింది. పిల్లలందరికీ ఏడాదికి కనీసం ఒకసారి పరీక్షలు జరపాలని 25వ సెక్షను నిర్దేశిస్తోంది.

అయితే ఇదే చట్టం 31వ సెక్షను కింద ఉచిత విద్య హక్కు ఆరు నుంచి 18 ఏళ్ల వారికే వర్తిస్తుంది. విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్ల వయసు నుంచే మొదలవుతుంది. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్య విషయంలో రాజ్యాంగం 45వ అధికరణం ప్రభుత్వాన్ని ప్రయత్నించమని మాత్రమే చెబుతోంది. మెదడు వేగంగా ఎదిగే కాలం, చికిత్స బాగా ఫలించే కాలం ఈ ఆరేళ్లే. సరిగ్గా ఆ వయసుకే చట్టపరమైన హామీ పలచగా ఉంది.

ఈ లోటును కొంత పూడ్చడానికి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2023 నవంబరు 28న దివ్యాంగ బాలల కోసం ప్రత్యేక అంగన్‌వాడీ మార్గదర్శకాలు విడుదల చేసింది. వైకల్య లక్షణాలను ముందే గుర్తించడం, బిడ్డను కేంద్రంలోనూ ఊరి కార్యక్రమాల్లోనూ కలుపుకొని కుటుంబానికి ధైర్యం ఇవ్వడం, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, వైద్య బృందాల ద్వారా చికిత్సకు పంపడం అనేవి ఇందులోని మూడు అంచెలు.

ముందుగా గుర్తించడం

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) పుట్టుక లోపాలు, వ్యాధులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం అనే నాలుగు కోణాల్లో పిల్లలను పరీక్షిస్తుంది. ఆరు వారాల వరకు ఆశా కార్యకర్త ఇంటివద్దే శిశువును చూస్తుంది. ఆ తర్వాత ఆరేళ్లు నిండేవరకు సంచార వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్‌ఎం లేదా నర్సు, ఒక ఫార్మసిస్టు ఈ బృందంలో ఉంటారు. అవసరమైన పిల్లలను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, వినికిడి, మాట నిపుణులు, మనస్తత్వ నిపుణుడు, ప్రత్యేక విద్యా బోధకుడు అక్కడ ఒకేచోట అందుబాటులో ఉండాలన్నది ఉద్దేశం.

తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోవడం, ఏడాదిన్నర దాటినా నడవకపోవడం, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకలేకపోవడం, వచ్చిన మాటలు ఆగిపోవడం వంటివి పట్టించుకోవలసిన సంకేతాలు. ఇంట్లో పెద్దవాళ్లు తరచూ "మగపిల్లాడికి మాటలు ఆలస్యమే", "వాళ్ల మేనమామకీ అయిదేళ్లకే మాటలొచ్చాయి" అని తల్లికి సర్దిచెబుతుంటారు. ఆ ఓదార్పులో ప్రేమ ఉంది కానీ, విలువైన నెలలు అందులోనే గడిచిపోతాయి. నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స ప్రారంభం అన్నది అంతర్జాతీయంగా నిపుణులు పాటించే లెక్క. వంకర పాదాలతో పుట్టిన బిడ్డకు తొలి వారాల్లోనే కట్లు మొదలుపెట్టి, వారం వారం మారుస్తూ పోతే చాలావరకు పెద్ద శస్త్రచికిత్స అవసరం పడదు.

కేంద్రంలో చేయదగిన సర్దుబాట్లు

మిగతా పిల్లలతో కలిపి కూర్చోబెట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేని సందర్భాలే ఎక్కువ. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ నేల మీద నిలకడగా కూర్చోలేకపోతే, గది మూలలో రెండు గోడల ఆసరాతో, పక్కన దిండ్లు పెట్టి కూర్చోబెట్టవచ్చు. అప్పుడు రెండు చేతులూ ఆటకు ఖాళీ అవుతాయి. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డును మెత్తగా చిదిమి పప్పన్నంలో కలిపి, చిన్న చెంచాతో కొద్దికొద్దిగా పెట్టాలి. తల కొంచెం ముందుకు వంగి ఉండాలి. పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇలాంటి పిల్లల్లో బరువు తగ్గడానికి కారణం తిండి లేకపోవడం కాదు, మింగలేకపోవడమే కావచ్చు. ఆయాకు ఈ మెలకువ నేర్పితే ఒక బిడ్డ ఆకలి తీరుతుంది.

వినికిడి తక్కువైన బిడ్డను టీచరు ముఖం వెలుతురులో స్పష్టంగా కనిపించేలా ముందు కూర్చోబెట్టి, అభినయంతో పాటలు చెప్పాలి. చూపు లేని బిడ్డకు ప్రతి వస్తువునూ చేతికిచ్చి పేరు చెప్పాలి. చాప, బొమ్మల డబ్బా, మంచినీళ్ల బిందె రోజూ ఒకేచోట ఉండాలి. ఆటిజం ఉన్న బిడ్డకు ఆ రోజు జరగబోయే పనులను వరుసగా బొమ్మల్లో చూపిస్తే కంగారు తగ్గుతుంది. తోటి పిల్లలకు ప్రత్యేకంగా నచ్చజెప్పవలసింది పెద్దగా ఉండదు. టీచరు ఎలా మెలిగితే వాళ్లూ అలాగే మెలుగుతారు.

కుటుంబానికి అండ

వైకల్యం బయటపడిన ఇంట్లో తల్లి మీద నిందలు పడడం ఇప్పటికీ ఉంది. గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, పూర్వజన్మ పాపమనో అనే మాటలకు ఆధారం లేదని టీచరు, ఏఎన్‌ఎం ఇంటివారందరి ముందూ చెప్పగలగాలి. ఆ తర్వాతి మెట్టు ధ్రువీకరణ. తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరాల్లో వైద్యులు వైకల్య శాతాన్ని నిర్ధారిస్తారు. 40 శాతం, ఆపైన ఉన్నవారికి మిగతా నిబంధనలకు లోబడి పింఛను వంటి ప్రయోజనాలు వర్తిస్తాయి. మండలాల్లో సమగ్ర శిక్షా కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు శిక్షణ, ఫిజియోథెరపీ అందుతాయి. మేధో వైకల్యాల రంగంలో 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన జాతీయ సంస్థ దేశానికే ప్రధాన కేంద్రం. అన్నిరకాల వైకల్యాలకూ ఒకేచోట సేవలందించేందుకు 2021లో దేశవ్యాప్తంగా 14 చోట్ల ప్రారంభించిన సత్వర చికిత్సా కేంద్రాల్లో ఒకటి అక్కడే ఉంది.

లోటుపాట్లు

మెట్లెక్కి వెళ్లవలసిన అద్దె గదులు, చక్రాల కుర్చీ పట్టని మరుగుదొడ్లు, యాప్‌లో నమోదులతో, సర్వేలతో టీచరు మీద పడే పనిభారం కేంద్రాల్లో కనిపించే ఇబ్బందులు. జిల్లా కేంద్రానికి వారం వారం బిడ్డను ఎత్తుకుని వెళ్లే తల్లికి బస్సు చార్జీలు, పోగొట్టుకునే కూలీ అంతకంటే పెద్ద అడ్డంకి. పరీక్ష చేసి, చీటీ రాసి పంపినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆ బిడ్డ చికిత్సకు చేరిందా, తిరిగి వచ్చి తోటివారి మధ్య కూర్చుందా అన్నది కనుక్కునే బాధ్యత కూడా ఒకరికి ఉండాలి. ఎందరిని గుర్తించారన్న లెక్కతో పాటు ఎందరు రోజూ కేంద్రానికి వస్తున్నారన్న లెక్క కూడా తీసినప్పుడే ఈ విధానం ఫలితం తేలుతుంది. ఆరేళ్లలోపు వయసుకు కూడా స్పష్టమైన చట్టబద్ధ హక్కు, అంగన్‌వాడీ టీచరుకు నిరంతర శిక్షణ, మండల స్థాయిలోనే చికిత్స ఈ వ్యవస్థకు ఇంకా ఉన్న మూడు అవసరాలు.