నాలుగు ఎక్స్‌లు, ఒక ఓటు

స్పేస్ స్ట్రాటజీ గేమ్ కొందామా వద్దా అని ఆలోచించేవాళ్ళు ముందు ట్రైలర్ చూస్తారు. అందులో నౌకలు పేలుతుంటాయి. తీరా ఆడటం మొదలుపెట్టాక చేతికొచ్చేది చాలావరకు పద్దుల పుస్తకం. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే, ఆట మనకి సరిపడుతుందో లేదో కూడా తేలిపోతుందని నేననుకుంటాను.

1993లో మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే ఆట వచ్చింది. స్టీవ్ బార్సియా బృందం సిమ్‌టెక్స్‌లో తయారుచేసింది. ఆ ఏడాది కంప్యూటర్ గేమింగ్ వరల్డ్ అనే అమెరికన్ పత్రికలో దాన్ని పరిచయం చేస్తూ ఆలన్ ఎమ్‌రిచ్ కొంటెగా నాలుగు ఎక్స్‌ల రేటింగ్ ఇచ్చాడు. ఎక్స్‌ప్లోర్, ఎక్స్‌పాండ్, ఎక్స్‌ప్లాయిట్, ఎక్స్‌టర్మినేట్. అంటే వెతుకు, విస్తరించు, పిండుకో, తుడిచిపెట్టు. అలాంటి ఆటలు అప్పటికే ఉన్నాయి. 1983లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రీచ్ ఫర్ ది స్టార్స్ చేయించినవీ ఈ పనులే. పేరు మాత్రం పదేళ్ళ తర్వాత దొరికింది. ఇప్పటికీ ఈ ఆటలని 4ఎక్స్ అనే అంటున్నారు.

ఆ నాలుగు మాటలూ వరసగా చదివితే నాకు గుర్తొచ్చేది అంతరిక్షం కాదు, హైస్కూల్ చరిత్ర పుస్తకం. సర్వే, వలస, శిస్తు, ఫిరంగి. కాకపోతే మన ముత్తాతలు ఆ పటంలో గీతలు గీసినవాళ్ళు కాదు, ఆ గీతల లోపల ఉన్నవాళ్ళు.

కాబట్టి ట్రైలర్ పక్కనపెట్టి, నాలుగింటిలో మీకు కావలసింది ఏదో చూసుకోండి. కొత్త చోట్లు చూడటమే సరదా అయితే సామ్రాజ్యం అక్కర్లేదు. 1984లో కేంబ్రిడ్జ్ విద్యార్థులిద్దరు రాసిన ఎలీట్‌లో 8 గెలాక్సీలు, ఒక్కోదానిలో 256 నక్షత్రాలు, మీకొక చిన్న నౌక. సరుకు కొనడం, అమ్మడం, దొంగల్ని తప్పించుకోవడం. మీది ఆ దారి. యుద్ధమే కావాలంటే 1999 నాటి హోమ్‌వరల్డ్ ఉంది. అక్కడ నౌకలు పైకీ కిందకీ కూడా కదులుతాయి, ఆలోచించుకోవడానికి మీ వంతు వచ్చేదాకా ఎవరూ ఆగరు.

మధ్య రెండు ఎక్స్‌లు ఇష్టమైనవాళ్ళకే 4ఎక్స్. మాస్టర్ ఆఫ్ ఓరియన్‌లో ప్రతి గ్రహానికీ ఐదు పట్టీలు: నౌకలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, పరిశోధన. ఒకటి పెంచితే మిగతావి తగ్గుతాయి. మొదటి గంట ముద్దుగా ఉంటుంది. గ్రహాలు పెరిగేకొద్దీ అది ఆఫీసు పనిలా తయారవుతుంది. ఆ సర్దుబాటులో సుఖం దొరికేవాళ్ళు తెల్లారేదాకా లేవరు. దొరకనివాళ్ళు రెండో రోజు మళ్ళీ తెరవరు. ఇందులో తెలివితేటల ప్రసక్తేం లేదు, ఓపిక తీరు వేరు, అంతే.

ఇక నాలుగో ఎక్స్. 2016లో స్వీడన్ కంపెనీ పారడాక్స్ తెచ్చిన స్టెల్లారిస్‌లో బానిసత్వం, ఒక జాతిని నిర్మూలించడం కూడా పాలసీల మెనూలో ఉంటాయి, పన్నెండు రకాల టిఫిన్లలో ఒకటి ఎంచుకున్నంత తేలిగ్గా. శాంతికాముకుల సమాఖ్య కట్టుకుని కూడా ఆడచ్చు. ఆట మిమ్మల్ని తప్పు పట్టదు, మెచ్చుకోదు. అది మిమ్మల్ని ఇబ్బంది పెడితే అది మీ లోపం కాదు.

తుడిచిపెట్టు అనే మాట ఏ ఆటని చూసి పుట్టిందో, ఆ మాస్టర్ ఆఫ్ ఓరియన్‌లో ఎవర్నీ తుడిచిపెట్టకుండానే గెలవచ్చు. గెలాక్సీ సభలో మూడింట రెండొంతుల ఓట్లు వస్తే చాలు. అయితే ఓట్లు జనాభాని బట్టి, పోటీ అందరికంటే పెద్ద రాజ్యాలు రెండింటి మధ్యే. అంటే శాంతిగా గెలవాలన్నా ముందు బాగా ఆక్రమించి ఉండాలి. ఎదుటివాడు గెలిస్తే ఆ తీర్పుని ఒప్పుకోవచ్చు, కాదని అందరి మీదా యుద్ధానికీ దిగచ్చు.

ఆ క్షణంలో మీ వేలు దేనిమీదకి పోతుందో తెలుసుకోవాలని ఉంటే, ఈ ఆటలు మీకు సరిపడతాయి.