పొరుగువాని ప్రేమయు గర్భస్థశిశు రక్షణమును: ప్రాచీన క్రైస్తవ శాసనములు

క్రీ. శ. 1873వ సంవత్సరమున ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అను గ్రీకు మతాచార్యుఁడు కాన్‌స్టాంటినోపిలు నగరమందలి యొక మఠపుస్తకాలయమున, 1056లో వ్రాయఁబడిన యొక వ్రాఁతప్రతిఁ గనుఁగొనెను. అందలి "డిడాఖే" యను లఘుగ్రంథమును 1883లో నాతఁడే ప్రకటించెను. డిడాఖే యనఁగా నుపదేశము. ప్రథమశతాబ్దాంతముననో ద్వితీయశతాబ్దారంభముననో యిది పుట్టినదని పెక్కండ్రు పండితుల మతము. పొరుగువానిఁ బ్రేమింపవలెనను నాజ్ఞకును, గర్భస్థశిశువు రక్షణమునకును గల సంబంధమును దెలిసికొనుటకు నిది ముఖ్యాధారము.

ఆ యాజ్ఞ క్రైస్తవమునకుఁ బూర్వమే యూదుల లేవీయకాండమునఁ గలదు. డిడాఖే జీవమార్గము, మృత్యుమార్గము అను రెంటిని జెప్పి, దైవప్రేమను, పొరుగువానిపై నాత్మసమానమైన ప్రేమను జీవమార్గమునకు మూలములుగా నిలిపినది. పిమ్మట నా రెండవయాజ్ఞకు వివరణముగా నరహత్య, వ్యభిచారము, చౌర్యము మొదలగువానిని నిషేధించుచు, గర్భపాతమును, పుట్టిన శిశువును వధించుటను నందే చేర్చినది. బర్నబా పేర వెలసిన లేఖలో నీ సంబంధ మింకను స్పష్టము. పొరుగువానిఁ దన ప్రాణముకంటె నెక్కువగాఁ బ్రేమింపవలెనని చెప్పిన వెంటనే యీ నిషేధము వచ్చును. కంటికిఁ గానరాని ప్రాణియుఁ బొరుగువాఁడే యని యీ కూర్పువలన నూహింపనగును.

నాఁటి గ్రీకు రోమను సమాజములలో శిశువును బెంచుటయో పాఱవేయుటయో తండ్రి యిచ్ఛ. ఐగుప్తులో దొరకిన క్రీ. పూ. 1వ సంవత్సరపు లేఖ యొకటి కలదు. పనికై అలెగ్జాండ్రియాలో నున్న భర్త గర్భవతియగు భార్యకు, మగబిడ్డయైనఁ బెంచుమనియు, నాఁడుబిడ్డయైన విడిచివేయుమనియు నందు వ్రాసినాఁడు. ఆమెను దానెట్లు మఱతునని యా లేఖలోనే యనునయించినాఁడు. అతని క్రౌర్యము కాదు, ఆచారమే యట్లు పలికించినది. యూదులు దీనిని గర్హించిరి. వారి ధర్మము గర్భపాతమును, శిశువధను నిషేధించునని జోసిఫసు వ్రాసెను. కావున నీ బోధ క్రైస్తవులకే ప్రత్యేకము కాదు. సుమారు 177లో అథేనాగొరాసు మార్కస్ ఔరేలియస్ చక్రవర్తికి సమర్పించిన విన్నపమున, క్రైస్తవులు నరమాంసభక్షకులను నపవాదమును ఖండించుచు, గర్భపాతమునే హత్యగా నెంచువారు మనుష్యునిఁ జంపి తినుదురా యని వాదించెను.

నిషేధ మొక్కటియైనను దండమును గూర్చి యభిప్రాయములు మాఱినవి. 314లో అంకిరా నగరమునఁ గూడిన సభ, మరణపర్యంతము బహిష్కరింపవలెనను పూర్వనియమమును సడలించి పదియేండ్ల ప్రాయశ్చిత్తము విధించెను. నిర్గమకాండపు గ్రీకు భాషాంతరమున నవయవరూపము నొందిన పిండమునకును, నొందనిదానికిని భేదము చెప్పఁబడినది. హీబ్రూ మూలమున నా భేదము లేదు. కైసరియా పీఠాధిపతియగు బాసిల్ సుమారు 374లో అంఫిలోకియసునకు వ్రాసిన లేఖలో నా భేదమును ద్రోసివైచెను. అయినను నతఁడును బదియేండ్లనే యంగీకరించి, పశ్చాత్తాపమును గాలమునుబట్టి కాక దాని రీతినిబట్టి తూఁచవలెననెను. అంతేకాక, యిట్టి ప్రయత్నములలో స్త్రీలు తఱచుగా మరణించుచున్నారని గుర్తించి, శిశువుతోపాటు తల్లి ప్రాణమును గూడ విచారమునకుఁ దెచ్చెను.

పొరుగువాని ప్రేమయే నియమమునకు మూలమైనచో, నా ప్రేమ నియమము తప్పినవారికిని వర్తింపవలెను. దండమును సడలించిన అంకిరాసభయందును, దాని ననుసరించిన బాసిల్ లేఖయందును నీ తత్త్వము గానవచ్చుచున్నది. శిశువును గాపాడుట, తల్లిని మరలఁ జేర్చుకొనుట యను రెండును నొక్క యాజ్ఞకే యర్థవివరణములు.